చోటు చెప్పినవారికి తలకాయ

గొర్లె జగ్గారావు గారు నాతో అన్న మొదటి మాట: "అమ్మగోరూ, మీ నీడ ఓపాలి తీసియ్యండి."

నేను ఉద్యోగ విరమణ చేసిన తరువాతి వేసవి అది. మోకాళ్లు బిగుసుకుపోకుండా ఉదయం పూట నడవమని డాక్టరు చెప్పగా, టెల్కో కాలనీకీ బారిడీహ్‌కీ నడుమ ఉన్న పెద్దచెరువు గట్టున నడుస్తున్నాను. ఎండ నా వెనకనుంచి పడుతోంది. నీళ్ల అంచున ఒక బక్కపలుచని మనిషి పొట్టి పీట మీద కూర్చుని, గేలపు కర్రను మోకాలికి ఆనించుకుని ఉన్నారు. నా నీడ నేరుగా వెళ్లి, నీళ్ల మీద తేలుతున్న ఆయన బెండు పక్కన పడింది. ఆయన తల తిప్పకుండానే ఆ మాట అన్నారు. నేను పక్కకు జరిగాక కొంచెం మెత్తబడ్డారు.

"నీడని సూత్తే సేప కొంగనుకుంటాది. మిమ్మల్ని నేను కొంగనలేదండి. సేప అనుకుంటాది."

తెలుగునేలకు దూరంగా ఉన్న ఈ హిందీ ఊళ్లో దారిలో తెలుగు వినబడితే ఆగి పలకరించుకోవడం మా అందరికీ అలవాటు. నేనూ ఆగాను. ఊరు పలాస పక్కన ఒక పల్లె అనీ, మేనమామ వెంట మీసాలు రాని వయసులో ఇక్కడికి వచ్చాననీ, కార్ఖానాలో క్రేను నడిపి విరమించాననీ నీళ్ల మీది చూపు మరల్చకుండానే చెప్పారు. నేను ఉపాధ్యాయినినని తెలిసిన మరుక్షణం నుంచి నన్ను "పంతులమ్మగోరూ" అన్నారు. ఆయన మాటలను ఇక్కడ నేను దిద్దలేదు. దిద్దడానికి అలవాటుపడిన చేతిని ఆపుకోవడం తేలిక కాదు గాని, దిద్దితే ఆ మనిషి అందులో మిగలరు.

క్రేను నడిపేవారు కప్పు కింద గాజు గదిలో కూర్చుంటారు. కింద నిలబడినవాడు చెయ్యి ఊపితే ఎత్తాలి, పిడికిలి బిగిస్తే ఆపాలి. జీవితమంతా మరొకరి సైగకు కదిలిన జగ్గారావు గారికి, విరమణ తరువాత ఈ చెరువు గట్టున తానే సైగ చేసే యోగం పట్టింది. చెరువు పట్టణానిది. ఏటా చేపపిల్లలను వదులుతారు. గేటు దగ్గర చీటీ తీసుకున్నవారు ఎవరైనా గేలం వేసుకోవచ్చు. చోటు మాత్రం ఎవరికీ సొంతం కాదు. అందువల్ల గేటు దాటిన ప్రతివారూ అడిగే ప్రశ్న ఒక్కటే, "ఈవేళ ఎక్కడ?" ఆ ప్రశ్నను ముందుగా తననే అడగాలి. జగ్గారావు గారికి అంతకు మించిన ఆశ ఉన్నట్టు నేనెరుగను.

అడిగిన వెంటనే ఆయన జవాబు చెప్పేవారు కాదు. చూపుడు వేలు తడిచేసి గాలిలో నిలిపేవారు. ఆకాశం చూసేవారు. అడిగినవాడికి సహనం తరిగేదాకా ఆగి, అప్పుడు చెప్పేవారు.

"గాలి ఇటునుంచి అటు తోత్తన్నాది. మేతంతా ఆ గట్టుకి సేరుతాది. ఆ తుమ్మచెట్టు కింద కూకోండి. నిన్న వానొచ్చుంటే కాలవ నోటి కాడికి ఎల్లమందును."

ఆ గట్టున ఒక ఆచారం ఉండేది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఒకరు చెప్పిన చోట కూర్చుని చేపను పట్టినవారు, దాని తలకాయను కోసి, సాలచెట్టు ఆకులో చుట్టి, చోటు చెప్పినవారి ఇంటి గేటుకు తగిలించి రావాలి. నోటితో ధన్యవాదాలు ఉండవు. తలకాయను ఎక్కడ కోశారన్నదే మాట. మొప్పలు దాటగానే కోస్తే పిసినారితనం. మెడ కండతో సహా రెక్క దాకా వదిలి కోస్తే మనసారా ఇచ్చినట్టు. జగ్గారావు గారు పొట్లం విప్పి, తినడానికి ముందు కోతను చూసేవారు. "అగస్టిన్‌ది సూడు కాంతం, బ్లేడుతో కోసినట్టు మొప్ప కాడికే కోసినాడు!" అని పేరుపేరునా వ్యాఖ్యానించేవారు. ఆయన భార్య కాంతమ్మ గారు చింతపండు నానబెట్టేవారు.

అనిత ఆ గట్టుకు వచ్చింది ఈ మంచి రోజుల్లోనే. మాంగో అనే పేటలో ఉండే తోమాస్ గారి అమ్మాయి. ఒక ల్యాబులో పరీక్షలకు రక్తం తీసే ఉద్యోగం. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న రోజుల్లో, మోకాళ్లు సహకరించక తండ్రి మూలన పెట్టిన గేలపు కర్ర తెచ్చుకునేది. మొదటి రోజే "చాచా, కహా బైఠూ?" అని అడిగింది.

"సాసా ఏటి? తెలుగోలమ్మాయివి. మావయ్యా అను, అప్పుడు సెప్తాను."

"మావయ్యా, ఎక్కడ కూర్చోను?"

"అదీ!"

ఆమెకు ఆయన చోట్లు చెప్పడమే కాదు, ఎందుకో కూడా చెప్పారు. మరెవరికీ ఆ రెండోది చెప్పగా నేను వినలేదు. ఎర ఉండకు తవుడు ఎంత, కాల్చిన మెంతి ఎంత, నీటి బుడగ పెద్దదైతే ఏ చేప, సన్నగా జల్లులా వస్తే ఏ చేప, అన్నీ చెప్పారు. ఆమె మొదటి రోహును పట్టిన రోజున తానే పట్టినట్టు గట్టంతా తిరిగారు. "రత్తం తీసే సెయ్యండీ, సూది గుచ్చినట్టు తెలీకుండా లాగినాది!" అని నాతో అన్నారు. ఆ తలకాయను అనిత రెక్క దాటి కోసింది. ఆయన ఆ కోతను కాంతమ్మ గారికి రెండుసార్లు చూపించారట.

ఆ తరువాత పట్టణంవారు పూడిక తీయడానికి చెరువును తోడించారు. వేసవి పొడుగునా యంత్రాలు నడిచాయి. ఊరంతా చూడడానికి వచ్చింది. అడుగున తుప్పుపట్టిన సైకిళ్లు, నిమజ్జనం చేసిన విగ్రహాల వెదురు చట్రాలు, ఒంటరి చెప్పులు బయటపడ్డాయి. గేలాలు వేసేవారందరూ దిగి, తమ చోట్ల అడుగు ఎలా ఉందో చూసుకున్నారు. జగ్గారావు గారు మాత్రం రాలేదు. బారిడీహ్ బజారుకు వెళ్లవలసి వచ్చినా, చెరువు కనబడని చుట్టుదారిన వెళ్లేవారు. ఎందుకని అడిగాను.

"సెరువు బట్టల్లేకుండా ఉన్నాదండి. అలాటప్పుడు ఎల్లి సూత్తారేటి ఎవులైనా?"

హాస్యమనుకుని నవ్వాను. ఆయన నవ్వలేదు.

అనిత తన తండ్రి రబ్బరు బూట్లు తొడుక్కుని ఆ బురదలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. తుమ్మచెట్టు కింది గుంటను పూడ్చి చదును చేశారు. కాలువ నోటిని పక్కకు తిప్పారు. పంపు గది వెనక కొత్తగా లోతు తవ్వారు. అవన్నీ చూసి జగ్గారావు గారి ఇంటికి పరుగున వెళ్లింది. నేను అప్పుడు వారి వసారాలో కూర్చుని ఉన్నాను.

"మావయ్యా, రండి, చూపిస్తాను. అంతా మారిపోయింది."

"నాకు నువ్వు సూపిత్తావా?" అన్నారు ఆయన. అంతవరకు ఆ అమ్మాయి పట్ల ఆయన గొంతులో అటువంటి చలి నేను వినలేదు. "నీ పుట్టుక ముందునించి ఎరుగుదును ఆ నీల్లని. పో, డూటీకి ఆలీసెం అవుతాది."

వానలు పడ్డాయి. చెరువు నిండింది. చేపపిల్లలను వదిలారు. అవి ఎదిగేదాకా ఆపి, మరుసటి ఏడు గేటు తెరిచారు. మొదటి ఉదయం అందరూ అలవాటుగా జగ్గారావు గారి చుట్టూ చేరారు. ఆయన వేలు తడిపి, గాలి చూసి, తుమ్మచెట్టు కిందికి పంపారు. అగస్టిన్ గారు కార్ఖానాలో ఫిట్టరుగా చేసి విరమించినవారు, నోరు ఊరుకోని మనిషి. ఎండెక్కాక గేలం చుట్టుకుంటూ వచ్చారు.

"జగ్గన్నా, నువ్వు చెప్పినచోట ఒక తాబేలు పడింది. దాని తలకాయ కోద్దామంటే లోపలికి లాక్కుంటోంది. ఏం చెయ్యమంటావు?"

గట్టంతా నవ్వింది. జగ్గారావు గారు కూడా నవ్వినట్టు పెదవులు కదిపారు. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. పంపు గది వెనక ఒంటరిగా కూర్చున్న అనితకు మాత్రం వచ్చిన ప్రతిరోజూ చేపలు పడుతున్నాయి. నెల తిరగకముందే గేటు దగ్గర "ఈవేళ ఎక్కడ?" అన్న ప్రశ్న అనిత ఎర్ర చున్నీ వైపు తిరిగింది.

అప్పటినుంచి ఆయనను చూడడం నాకు కష్టంగా ఉండేది. గేలం నీళ్లలో ఉండేది, చూపు మాత్రం అనిత బెండు మీద ఉండేది. ఒకసారి ఆయన బెండు పూర్తిగా మునిగి, కర్ర పీట మీదినుంచి జారుతుంటే నేనే కేకేశాను. ఆయన తిరిగేసరికి చేప ఎర తిని పోయింది.

"ఆ ఎర్ర సున్నీ ఏసుకొత్తే సేపలు దడుసుకోవా?" అనేవారు.

"దడుసుకుంటే ఆమెకెలా పడుతున్నాయి?" అనేదాన్ని.

"మేత సూడండి, గంపల్తో కుమ్మరిత్తాది. పెల్లి బోజనం పెట్టి పట్టుకోడం కూడా పట్టుకోడమేనేటి?" మరొకనాడు, "పోను సూత్తా కూకుంటాది. గాలీ సూడదు, నీరూ సూడదు. రత్తం పిల్లకి సేపలు కూడా రత్తం ఇత్తన్నాయి!" అన్నారు.

ఎవరైనా ఆమె దగ్గరకు వెళ్లి వంగి అడుగుతుంటే ఆయన పెదవులు కూడా వారితో కదిలేవి. ఆమె ఏం చెప్పి ఉంటుందో ఊహించి, తాను అంతకంటే ముందు చెప్పుకునేవారు. ఆమె చెయ్యి చూపిన దిక్కు వేరైతే మొహం నల్లబడేది.

ఆయనకు ఆసరాగా ఒక్కటే మిగిలింది. ఇంటి గేటుకు సాలాకు పొట్లాలు వస్తూనే ఉన్నాయి. ఆ విషయం నాతో పదేపదే చెప్పేవారు. "నోటితో ఆ పిల్లని అడుగుతన్నారు. తలకాయ మట్టుకు ఎవులింటికొత్తన్నాది? సూడండి మరి. నేను ఎనక సెప్పినవే పనిసేత్తన్నాయి గావాల."

నిజం నాకు యాదృచ్ఛికంగా తెలిసింది. గేటు దగ్గర ఒకాయన పెద్ద కత్లా చేపతో అనిత ముందు నిలబడి ఉన్నాడు. ఆమె అతడితో, "తలకాయ మా ఇంటికొద్దు. జగ్గారావు మావయ్య గేటుకి తగిలించండి. నాకు చెప్పింది ఆయన. రూల్ ప్రకారం ఆయనకే," అంటోంది. అందరికీ అలాగే చెబుతోందని తరువాత గ్రహించాను. కాంతమ్మ గారికి అంతకు ముందే తెలుసు.

"సెప్పకండి పంతులమ్మగోరూ," అన్నారామె, వంటింటి గుమ్మంలో గొంతు తగ్గించి. "ఆ తలకాయ వత్తాదనే రెండు ముద్దలు తింతన్నాడు. అది తినేది సేపనా? పేరుని తింతన్నాడు. తిననియ్యండి."

నేనూ కాంతమ్మ గారూ చెప్పలేదు. అగస్టిన్ గారు చెప్పారు. ఒక ఉదయం టీ బడ్డీ దగ్గర, అందరి మధ్య, ఏ దురుద్దేశమూ లేకుండానే అనేశారు.

"నిన్న నా తలకాయ బాగుందా జగ్గన్నా? ఈసారి కండ ఉంచే కోశాను. అనిత మరీ మరీ చెప్పింది, మావయ్య కోత చూస్తాడు, జాగ్రత్త అని."

"అనిత సెప్పడమేటి?"

"ఆమే కదా పంపించేది? అరే, నీకు తెలీదా?"

జగ్గారావు గారు గ్లాసును బల్ల మీద పెట్టారు. పంపు గది దాకా ఆయన నడిచిన తీరు చూసి నా మోకాళ్లను మరచి వెంట వెళ్లాను. మిగిలినవారూ వచ్చారు.

"ఏటే, నాకు దానం సేత్తన్నావా?"

అనిత లేచి నిలబడింది. "దానమేంటి మావయ్యా? చోటు చెప్పినవాళ్లకి తలకాయ. నాకు చెప్పింది మీరు."

"నేను సెప్పిన సోట్లు పూడ్సీసినారు! ఇప్పుడు నువ్వు సెప్పేటివి నావి కావు. ఒక్కటీ నాది కాదు!"

ఆ మాట ఆయన నోట రావాలని గట్టున ఎవరూ కోరుకోలేదు. అగస్టిన్ గారు కూడా తల దించుకున్నారు. అనిత కళ్లలో నీళ్లు తిరిగాయి. కాని ఆమె కూడా రోషం గల పిల్లే.

"సరే. మీవి కావు. అయితే తిన్న తలకాయలన్నీ వాపస్ ఇచ్చేయండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. జగ్గారావు గారు వెనుదిరిగారు. పీటను, గేలపు కర్రను అక్కడే వదిలి ఇంటికి వెళ్లిపోయారు. ఆ రోజు పొయ్యి మీద ఉడికిన పులుసును ముట్టుకోలేదనీ, ఆ తరువాత గేటుకు తగిలించిన పొట్లాలను విప్పకుండానే పక్కింటివారికి ఇప్పించేస్తున్నారనీ కాంతమ్మ గారు చెప్పారు.

ఆయన చెరువుకు రావడం మానేశారు. కొన్ని వారాల తరువాత అనిత ఆ పీటను, కర్రను నా చేతికిచ్చింది. "మీరు ఇవ్వండి టీచర్. నేనిస్తే విసిరేస్తారు," అంది. కర్రకు నూనె రాసి ఉంది. దారాన్ని కొత్తది మార్చినట్టు కూడా గమనించాను.

నేను వెళ్లేసరికి జగ్గారావు గారు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పీట చప్పుడుకు లేచి కూర్చున్నారు. కర్రను ఆ చివర నుంచి ఈ చివర దాకా తడిమారు. కొత్త దారం దగ్గర వేళ్లు ఆగాయి. కొంతసేపటికి, ఎటో చూస్తూ, చెరువులో నీరు ఎంతవరకు ఉంది, రాత్రి వానకు కాలువ పారిందా, అగస్టిన్‌కు ఏమైనా పడిందా అని అడగడం మొదలుపెట్టారు. కాంతమ్మ గారు కూర తరుగుతూ విన్నారు, విన్నారు, చివరకు కత్తిపీట పక్కకు నెట్టారు.

"ఇంకా ఏటయ్యా నీ బిగువు? ఆ నీల్ల మీద మనసు పెట్టుకుని ఈ గోడ కేసి సూత్తావేటి? ఎల్లి ఆ పిల్లని అడగరాదా?"

"నేనడగడమా!" అన్నారాయన. "అడిగితే అడిగినోడినైపోతాను." తరువాత నావైపు తిరిగారు. "పంతులమ్మగోరూ, మీరడిగితే తప్పేటి? మీకని అడగండి. నా పేరెత్తకండి."

జీవితంలో గేలం పట్టని నేను మరునాటి ఉదయం అనిత ముందు నిలబడి, "ఈవేళ ఎక్కడ కూర్చుంటే బాగుంటుందమ్మా?" అని అడిగాను.

ఆమె నా వట్టి చేతులను చూసింది. "ఎవరికి టీచర్?"

"నాకే."

"అచ్ఛా." ఆమె చాలాసేపు నీళ్లవైపు చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. చూపుడు వేలు తడిపి గాలిలో నిలిపింది. ఆ అలవాటు ఎవరిదో గట్టున అందరికీ తెలుసు. "పంప్ హౌస్ దాటాక విరిగిన సిమెంటు బెంచీ ఉంది కదా, దాని ఎడమ పక్క. కొత్తగా తవ్విన లోతు అక్కడే మొదలవుతుంది. మెట్లు దిగక్కర్లేదు. పొద్దున పూట నీడ కూడా వెనక్కే పడుతుంది." కొంచెం ఆగి, "మీ నీడ అని కాదు. ఎవరు కూర్చుంటే వాళ్లది," అంది.

ఆ మాటలను పొల్లుపోకుండా ఆయనకు అప్పజెప్పాను. నీడ మాట దగ్గర తల ఎత్తి నన్ను చూశారు. "ఆ పిల్లకి తెలిసిపోనాదా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. అది నిజమే. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

అనితకు ఉదయం డ్యూటీ ఉన్న రోజు చూసుకుని ఆయన చెరువుకు వెళ్లారు. నేను వెళ్లలేదు. దసరా దాటింది, పొద్దున్నే సన్నని చలి. పదిగంటలు కాకముందే మా గేటు చప్పుడైంది. జగ్గారావు గారు మోకాళ్ల దాకా తడిసి ఉన్నారు. రెండు చేతుల్లో సాలాకు పొట్లం. ఒక ఆకు చాలక మూడు నాలుగు కలిపి చుట్టారు.

"కత్లా," అన్నారు. ఆ తరువాత వరండాలోనే పొట్లం విప్పి చూపించారు. నేను చేపల కోతల విషయంలో ప్రవీణురాలిని కాను. అయినా ఆ కోత రెక్క దాటి, కడుపు మొదలు దాకా వెళ్లిందని నాకు కూడా తెలిసింది. ఆయన ఇంటికి మిగిలింది తోకకంటే పెద్ద ఎక్కువ కాదు.

"ఇంత కోస్తే మీకేం మిగిలింది?" అన్నాను.

"నాలాగ కోసినోడు ఆ గట్టుమీద ఒక్కడూ నేడు," అన్నారు. సంతోషంలో కూడా ఆయన పోటీని వదలలేదు. "అగస్టిన్‌కి సూపిత్తే సిగ్గుతో సత్తాడు. ఆ పిల్ల కూడా నాకిలాగ ఎప్పుడూ కొయ్యనేదు. ఒక్కపాలి, మొదటిపాలి కోసినాది."

మళ్లీ ఆకులు కప్పి, దారం చుట్టి, నా చేతుల్లో పెట్టారు. బరువుగా ఉంది. ఆయన మెట్లు దిగి, గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చారు. ఆ చలికాలం దాటకుండానే గుండె ఆగి ఆయన పోయారు. ఆ మధ్యలో దారిన ఒకటి రెండుసార్లు ఎదురుపడి చెయ్యెత్తి పలకరించుకున్నాము గాని, ఆ ఉదయం అలా వెనక్కి వచ్చి అడిగినదే ఆయన నన్ను కోరిన చివరి కోరిక.

"మాంగో ఎల్లి ఆ పిల్ల గేటుకి మీ సేత్తో తగిలించండి పంతులమ్మగోరూ. ఎవులిచ్చినారని అడిగితే సెప్పకండి." రెండడుగులు వేసి ఆగారు. "అడక్కపోతే మట్టుకు సెప్పండి."